ఎడమ పురి మోకు

నిట్టూర్పుల లోయకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాడు తప్పకుండా ఎవరికోసమో ఆ గట్టున ఒంటరిగా నిలబడి ఎదురుచూసినవాడే అయి ఉంటాడు. మేఘకుంతల రాజ్యానికి పడమటి ఎల్ల అది. రెండు వైపులా నీలిరాతి గోడలు నిలువునా దిగిపోతాయి. పొద్దు పొడిచే వేళ ఆ గోడలకు గోరోజనపు రంగు, మధ్యాహ్నానికి నెమలికంఠపు ఛాయ, సాయంత్రానికి ఎండిన తమలపాకు వన్నె. నడుమ ఏ వేళ చూసినా పొగమంచే. అడుగున ఏముందో చూసి, తిరిగి వచ్చి చెప్పిన మానవుడు ఇంతవరకు లేడు.

ఆ ఉదయం మాచన గట్టు అంచున నిలబడి, మంచు పలచబడేదాకా కళ్లు చిట్లించి చూశాడు. మూడు వందల బారల అవతల, కొండకొమ్ము మీద, ఎర్రగా ఒక గుడ్డ రెపరెపలాడింది. అది చెంగల్వ పెళ్లిచీర. రోజూ తెల్లవారగానే ఆమె దాన్ని ఆ రాతిమీద ఆరవేస్తుంది. బతికే ఉన్నానని మొగుడికి చెప్పడానికి ఆమెకు మిగిలిన దారి అదొక్కటే.

"చెంగల్వా!" అని గొంతు చించుకుని అరిచాడు. జవాబు రాలేదు. ఆరు నెలలుగా ఇదే వరస. పొద్దున చీర కనిపిస్తుంది, గొంతు వినిపించదు. సాయంత్రం మంచులోంచి "బావా" అని గొంతు వినిపిస్తుంది, అప్పుడు మనిషి కనిపించదు. గాలివాటం అలాంటిది కాబోలని సరిపెట్టుకునేవాడు మాచన. సరిపెట్టుకోలేని రోజున గట్టునే కూర్చుని కూడు మానేసేవాడు.

తప్పు తనదేనని అతడి బాధ. తాళ్ల వంతెనలు కట్టడంలో మోకువారి వంశాన్ని మించినవాళ్లు ఏడు రాజ్యాల్లో లేరు. వాళ్లలో ఒక ఆచారం ఉంది. కొత్త వంతెన మీద మొదటి అడుగు కొత్త పెళ్లికూతురిది కావాలి. అవతలి చందనవనాలకు దారి వెయ్యమని రాజు ఆజ్ఞాపిస్తే వంతెన కట్టారు. పెళ్లయిన పదకొండో రోజున చెంగల్వ పసుపునీళ్ల కడవ నెత్తిన పెట్టుకుని నడిచింది. "భయంగా ఉంది బావా" అంటే, "మా పెదనాన్న కట్టిన వంతెనే పిచ్చిదానా" అని నవ్వి పంపినవాడు మాచనే. ఆమె అవతలి గట్టు ఎక్కిందో లేదో, వెనక బయల్దేరిన పద్నాలుగు మందితో సహా వంతెన కూలిపోయింది. పెదనాన్న బొల్లన అందులోనే పోయాడు. అవతలి కోటలో ఘూకకేతుడనే మాంత్రికుడు కాపురం పెట్టాడన్న సంగతి ఆ తర్వాత గానీ తెలియలేదు.

తర్వాత రెండు వంతెనలు కట్టారు. రెండూ అలాగే పోయాయి. నిన్న సాయంత్రం రాజుగారి దండోరా వచ్చింది. ఈ పొద్దు గడిస్తే గట్టుమీది గుంజలు పెరికివేయాలి, ఇక ఎవరూ లోయ ఛాయలకు పోరాదు.

అంటే మాచన చేతిలో ఉన్నది ఈ ఒక్క పగలు.

* * *

మూడో వంతెన కూలాక, ఈ దండోరాకు నెల ముందు, మోకువారిలో కొందరు కుర్రాళ్లు తప్ప పనికి వచ్చేవాడు కరువయ్యాడు. అందుకని మాచన కనకపేట సంతకు పోయి పనివాళ్లను తెచ్చాడు. ఇందులో అతడి పెద్దమనసేమీ లేదు. పేరున్న పనివాడు ఒక్కడూ రానన్నాడు. ఎవరూ పిలవని ముగ్గురు మిగిలారు, పిలవగానే వచ్చారు.

మొదటిది జక్కి. ఉప్పుమడుల నుంచి వచ్చిన తాళ్లు పేనే ఆడది. ఏడేళ్ల ప్రాయంలో జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. ఎదుటివాడి పెదవులు చూసి మాట పట్టేస్తుంది. రెండోవాడు కుంచయ్య. చూపు లేని ముసలివాడు, వేళ్లతో తడిమి తాడు వయసు చెప్పగలడు. మూడోవాడు తొరొమ. శంఖద్వీపం ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికుడు. అతడి భాష ఒక్క ముక్క ఎవరికీ తెలియదు. అతడు వేసిన ముడి మాత్రం ఎవరూ విప్పలేరు.

వాళ్లను చూసి మోకువారి పెద్ద గుండన తాత నోరు ఊరుకోలేదు. "ఒరే మాచిగా! వంతెన కట్టమంటే జాతర కట్టుకొచ్చావేంట్రా? ఒకడికి చూపు లేదు, ఒకత్తెకు చెవి లేదు, ఆ మూడోవాడికి మాటే లేదు!"

"మాట ఉంది తాతా. మనకు రాదంతే" అన్నాడు మాచన.

పని మాత్రం మొదటిరోజే తలకిందులైంది. మాచన అలవాటు కొద్దీ వెనకనుంచి "వదులు!" అని కేక వేశాడు. జక్కికి ఎలా వినబడుతుంది? మోకు జర్రున జారి ఆమె అరచెయ్యి చీరుకుపోయింది. ఆమె గిర్రున తిరిగి అతడి ముందుకొచ్చి నిలబడింది.

"నా మొగం సూసి సెప్పయ్యా! మొగానికున్న సెవులే పని సెయ్యవు, ఈపుకేటి కొత్తగా మొలుస్తాయా?"

మాచన సిగ్గుపడ్డాడు. ఆ రాత్రే ఒక ఉపాయం ఆలోచించాడు. పనిలో ఉన్న అందరి ఎడమచేతి గుండా ఒక సన్నతాడు పోవాలి. ఒక గుంజు గుంజితే ఆగు, రెండైతే లాగు, మూడైతే నడువు. తాడు జక్కే పేనింది. ఎంత దూరం వచ్చానో తెలియాలని కుంచయ్య బారకొక ముడి వెయ్యమన్నాడు. జారని ముడి తొరొమ వేశాడు. జక్కికోసం పుట్టిన ఆ సైగతాడు, మంచు కమ్మిన రోజున చూపున్న మోకువారి కుర్రాళ్లకే ఎక్కువగా పనికొచ్చింది. అంతకుముందు ఎగతాళి చేసిన నోళ్లే "ఇటు పడెయ్యి, ఇటు పడెయ్యి" అని దాన్ని అందుకున్నాయి. ఒక్క గుండన తాత ముట్టలేదు. దానికి కారణం ఉంది.

మోకువారు నార ఎప్పుడూ కుడి పురిగానే, అంటే కుడివైపు మెలితోనే, పేనుతారు. ఎడమ పురి తాడు వాళ్లలో పాడె కట్టడానికి తప్ప మరి దేనికీ వాడరు. జక్కి వాళ్ల ఊళ్లో అందరూ పేనేది ఎడమ పురే. ఆమె మొదటి మోకు చుట్ట తెచ్చి పడేసిన రోజున గుండన తాత దాన్ని కాలితో తన్ని, మూడుసార్లు తల కడుక్కున్నాడు.

కుంచయ్య మాత్రం కూలిన మూడో వంతెన మోకు కొసను తెప్పించుకుని పూట పొడుగునా తడిమాడు. ఆఖరికి తల ఎత్తాడు.

"బాబూ, ఇది బరువుకి తెగలేదు. మెలి పడి పడి తెగింది. మీ వంతెన విరగలేదయ్యా, బోర్లా పడింది. నాలుగు మోకులూ కుడి పురేనా?"

"తాతల కాలం నుంచీ అంతే."

"నడిచేటప్పుడు అందరూ ఒకే కాలు వేస్తారా?"

వేస్తారు. మోకువారి బిడ్డ అమ్మా అనడానికి ముందే నేర్చేది అదే. ముందున్న పెద్ద "ఎవరి అడుగు?" అని పదం ఎత్తుకుంటాడు. వెనకవాళ్లంతా "మన అడుగే!" అని ఒక్క గొంతుతో పలికి కుడికాలు వేస్తారు. ఆ పదం చెవిన పడితే నిద్రలో కూడా మోకువాడి కాలు కదులుతుంది.

"అన్ని పురులూ ఒకే వైపు. అన్ని కాళ్లూ ఒకే వైపు. ఎవడో ఆ పదం కాస్త తొందరగా పాడాడనుకో, ఇంకేముంది?" అన్నాడు కుంచయ్య. "కుడి పురి పక్కన ఎడమ పురి వెయ్యి. ఒకటి మెలి తిరగబోతే రెండోది పట్టుకుంటుంది."

గుండన తాత మండిపడ్డాడు. "పాడెతాడు మీద నడుస్తామురా? నా కంఠంలో ప్రాణముండగా ఆ తాడు ముట్టను!"

"తాతా, మూడుసార్లు శుభమైన తాళ్ల మీదే నడిచాం గదా" అన్నాడు మాచన మెల్లగా. ముసలివాడు మొహం తిప్పుకున్నాడు. పోయినవాళ్లలో ఆయన కొడుకులిద్దరున్నారు. వాళ్లను పట్టుకోబోయి మోకులో చిక్కి, ఆయన కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి.

* * *

ఎర్రచీర ఎగిరిన ఆ ఉదయమే మాచన విల్లు ఎక్కుపెట్టి, సన్నదారం కట్టిన బాణాన్ని అవతలికి వదిలాడు. చెంగల్వ పరుగున వచ్చి అందుకుంది. దారంతో తాడు, తాడుతో మోకు లాక్కుని, కొండకొమ్ము చుట్టూ తిప్పి బిగించింది. ఇదంతా మాంత్రికుడు చూస్తూనే ఉండి ఉంటాడు. వంతెన వద్దని అతడు ఏనాడూ అనలేదు. వంతెన వేస్తేనే గదా మనుషులు వచ్చేది!

ఒక కుడి పురి, ఒక ఎడమ పురి జతగా నాలుగు జతల మోకులు బిగిశాయి, అడుగుకు రెండు, చేతిపట్టుకు రెండు. ముందు జక్కి, వెనక మాచన, ఆ వెనక తొరొమ, తర్వాత ధైర్యం కూడగట్టుకున్న ఎనమండుగురు మోకువారి కుర్రాళ్లు వెదురుబద్దలు పరిచి కట్టుకుంటూ బయల్దేరారు. అందరినీ ఒకరికొకరిని కలిపే నడుముతాళ్లకు తొరొమ ముడులు, అందరి ఎడమచేతిలో సైగతాడు. దాని కొసను గట్టున కుంచయ్య పట్టుకుని, రెండో చెయ్యి మోకుల మీద వేసి కూర్చున్నాడు. గుండన తాత ఆయనకు వీపు పెట్టి కూర్చున్నాడు.

నూట యాభై బారల దగ్గర మంచు కమ్మేసింది. ఎవడి చెయ్యి వాడికే కనిపించని తెలుపు. అప్పుడు ఎక్కడినుంచో, ఎంతో ప్రేమగా, చచ్చిపోయిన బొల్లన పెదనాన్న గొంతు లేచింది.

"ఎవరి అడుగు?"

"మన అడుగే!" తొమ్మిది గొంతులు ఒక్కటై పలికాయి. అందులో మాచన గొంతూ ఉంది. తొమ్మిది కుడికాళ్లు ధన్‌మని పడ్డాయి. వంతెన కుడివైపుకు ఒరిగింది.

"ఎవరి అడుగు? ఎవరి అడుగు?" పదం వేగం పుంజుకుంది. కాళ్లు పైకి లేచాయి.

జక్కికి పదం లేదు, పెదనాన్న లేడు. అరికాళ్ల కింద మోకు వణకడం మాత్రం తెలిసింది. సైగతాడును చేతికి చుట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఆగు! లేచిన కాళ్లు లేచినట్టే ఆగిపోయాయి. ఆగలేక ముగ్గురు కుర్రాళ్లు మళ్లీ అడుగు వేశారు. వంతెన ఇంకా ఒరిగింది. కుడి పురి మోకులు కిర్రుకిర్రున మెలి తిరగబోయాయి. పక్కనున్న ఎడమ పురి మోకులు బిర్రబిగిసి వాటిని వెనక్కి లాగాయి. వంతెన ఒక్క ఊపు ఊగి, తిరిగి సమంగా నిలబడింది. తొరొమకు ఆ పదమూ వానకప్పల రొదా ఒకటే. అతడు తన ధోరణిలో ఏదో గొణుక్కుంటూ వెనక్కి పాకి, ఆ ముగ్గురి నడుముతాళ్లను చేతిమోకుకు బిగించివేశాడు.

పదం పారలేదని ఘూకకేతుడికి తెలిసిపోయింది. మరుక్షణం మంచును చీల్చుకుని ఇనుపముక్కుల గూబలు గుంపుగా దిగాయి. ఒక్కొక్కటి గంపంత ఉంది. టకటకా మోకుల మీద పొడవసాగాయి. మాచన వెదురుబద్ద తిప్పి రెండింటిని లోయలోకి కొట్టాడు. ఎడమ చేతిమోకు పట్‌మని తెగింది. తొరొమ తలకిందులుగా వేలాడి, కాళ్లతో వంతెన పట్టుకుని, తెగిన రెండు కొసలనూ పళ్లతో దగ్గరకు లాగి ముడి వేశాడు. గూబలు ముడిని పొడిచాయి. పొడిచినకొద్దీ అది బిగుసుకుంది. చివరికి విసిగి, అరుచుకుంటూ కోటవైపు పోయాయి.

బద్దలు పరుచుకుంటూ మరో నూట ముప్పై బారలు సాగి, అందరూ ఊపిరి పీల్చుకుంటున్నారు. అప్పుడు మాచనకు మాత్రం కుడిచెవి పక్కనే వినిపించింది.

"బావా."

ఆరు నెలలుగా సాయంత్రం పూట దూరాన విన్న గొంతు. ఇప్పుడు ఊపిరి తగిలేంత దగ్గరలో ఉంది.

"ఇటు రా బావా. పది అడుగులే. ఆ నడుముతాడు విప్పి నా చెయ్యందుకో. ఎన్నాళ్లు నిలబడను చెప్పు ఈ రాతిమీద?"

కుడివైపున వంతెన లేదు, నేల లేదు. మాచనకు ఆ సంగతి తెలుసు. తెలిసీ చెయ్యి నడుము మీదికి పోయింది. ఆ గొంతు కోసం అతడు అంతగా మొహంవాచిపోయి ఉన్నాడు. వేళ్లు ముడిని వెతికాయి. మోకువారి ముడి అయితే రెప్పపాటులో విప్పేవాడే. ఇది తొరొమ ముడి. ఎటు లాగినా ఊడిరాలేదు. ఏడుస్తూ లాగాడు, గోళ్లతో గీకాడు.

సైగతాడు అదరడం చూసి జక్కి వెనక్కి తిరిగింది. అతడి మొహం చూసింది. చెంప ఛెళ్లుమనిపించింది.

"ఏటయ్యా, ఎటు పోతన్నావు?"

"పిలుస్తోంది... చెంగల్వ పిలుస్తోంది..."

జక్కి అతడి గడ్డం పట్టుకుని మొహాన్ని ముందుకు తిప్పింది. మంచు అక్కడ చిరిగింది. ఇరవై బారల దూరంలో ఎర్రచీర చేతపట్టుకుని చెంగల్వ నిలబడి ఉంది. రెండు చేతులూ ఊపుతోంది.

"అదుగో నీ పెళ్లాం. సరిగ్గా సూడు. ఆవిడి నోరు కదల్లేదు."

"రా బావా" అంది కుడిపక్క గొంతు.

చెంగల్వ పెదవులు మూసే ఉన్నాయి.

మాచన నడుము మీదినుంచి చెయ్యి తీసేశాడు. పిలుస్తున్నది ఎవరైతేనేం, అది చెంగల్వ కాదు. జక్కి మూడు గుంజులు గుంజింది. ఆ ఇరవై బారలూ అతడు ఆమె వీపు తప్ప మరేమీ చూడకుండా నడిచాడు.

* * *

అవతలి గట్టు రాయి కాలికి తగలగానే మాచన పరుగెత్తాడు. చెంగల్వ చిక్కి సగమైపోయింది. మోకులు లాగి లాగి అరచేతులు పుండ్లు పడ్డాయి. ఆమె అతడి రొమ్ము మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపుకు చప్పుడు లేదు.

"మాట్లాడు చెంగల్వా. ఒక్క మాట."

ఆమె పెదవులు కదిలాయి. మళ్లీ కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె తన గొంతు తడిమి చూపించి తల అడ్డంగా ఊపింది. అప్పుడు వెనకనుంచి ఉప్పుమడుల మోటుగొంతు వినబడింది.

"'పెళ్లిసీర ఎండకి వెలిసిపోయింది, ఇంకోటి తెచ్చావా?' అంటాంది."

జక్కి చెంగల్వ పెదవులనే చూస్తోంది. చెంగల్వ ఉలిక్కిపడి, కళ్లు పెద్దవి చేసి, గబగబా పెదవులు కదిపింది. ఆరు నెలల మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"నెమ్మదమ్మా, నాకున్నవి రెండు కళ్లే!" అంది జక్కి. "'నువ్వు రోజూ పొద్దున్నే పిలవడం ఇన్నాను. పలకలేక సచ్చిపోయాను. సందేళ పిలిసింది నేను కాదు' అంటాంది. మొదటిరోజే ఆ మంత్రగాడు ఈవిడి గొంతు లాగేసి కోటలో శంకంలో పెట్టాడంట. లోయలో పడినోళ్ల గొంతులూ అందులోనే ఉన్నాయంట. 'గొంతు లేకుండా ఈ గట్టు దాటితే అది ఇంక వాడిదే, మళ్లీ రాదు' అంటాంది."

చెంగల్వ అతడి చెయ్యి తన చెంపకు ఆనించుకుని ఇంకేదో అంది. జక్కి చదివి, మొహం పక్కకు తిప్పుకుంది.

"ఏమంది?"

"అది నేను సెప్పను. గొంతు తెచ్చి ఇవ్వు, ఆవిడే సెప్తాది."

కొండ మీద కోట నల్లగా మెరుస్తోంది. బురుజులకు గూబ తలలు చెక్కారు. గవాక్షాలన్నీ తెరిచిన నోళ్లే. అందులో అన్నిటికన్నా ఎత్తున ఉన్న నోట్లోంచి, తియ్యగా, చెంగల్వ గొంతుతో పాట మొదలైంది. పెళ్లినాడు ఆమె పాడిన పాటే. చెంగల్వ రెండు చెవులూ మూసుకుంది. భార్య చెయ్యి తన చేతిలో ఉంది. అయినా ఆ గొంతు వింటుంటే, ఆమె మీద బెంగ తమ గట్టున ఉన్నప్పటికంటే ఎక్కువైంది మాచనకు.

"పాటలున్నచోట నేను ముందు నడుత్తాను" అంది జక్కి. "ఆడు ఏం పాడినా నాకేటి?"

తొరొమ చెంగల్వ నడుముకు కూడా ముడి వేశాడు. మాచన సైగతాడు అందుకుని మూడు గుంజులు గుంజాడు. తమ గట్టున కుంచయ్య మూడు గుంజులు తిరిగి ఇవ్వాలి, అప్పుడే అక్కడ అంతా క్షేమమని లెక్క.

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. ఒకటి. రెండు. మూడు. ఒక్కో గుంజు చివరా చిన్న కుదుపు ఉంది, పట్టు చాలక మళ్లీ పట్టుకున్నట్టు. కుంచయ్య గుంజులో ఆ కుదుపు ఉండదు. అది రెండు వేళ్లు లేని తాత చెయ్యి.

ఆ ఎడమ పురి తాడును మాచన ఒక్కసారి కళ్లకద్దుకున్నాడు. ముందు జక్కి అప్పుడే కోటతలుపు మీద చెయ్యి వేసింది. అది తనంత తానే తెరుచుకుంది. లోపలి చీకట్లోంచి వంద గొంతులు ఒక్కసారిగా అడిగాయి.

"ఎవరి అడుగు?"

మాచన పళ్లు బిగించి, చెంగల్వ చెయ్యి పట్టుకుని, మొట్టమొదటిసారి ఎడమకాలు ముందు పెట్టాడు.